గంజు కిరాయికి దొరుకుతది, కొలత దొరకదు

పోస్టు జర పెద్దగైంది, ఓపిక చేసుకొని చదవండి.

మేం ఒకే హాస్టల్ రూంల ఉండే నలుగురం. ఇద్దరం జనగామ వైపు తండా వాళ్లం, ఒకరిది మహబూబాబాద్ జిల్లా గంగారం దిక్కు గూడెం, ఇంకొకరిది భూపాలపల్లి జిల్లా మహాముత్తారం. నలుగురి ఇండ్లల్లనూ కాలేజీకి వచ్చింది మేమే మొదలు.

పోయిన హోలీకి అందరం కలిసి తండాకు పోయినం. టమాట పెట్టె అమ్మితే ఆటో కిరాయి కూడా ఎల్లని రోజులవి. చేను గట్టున పారబోస్తున్నరు. ఇదే టమాట 2023 జూలైల కిలో నూరు దాటిన సంగతి అందరికీ యాదికుంది. అగ్గువకు పోయేదాన్ని నాలుగు నెలలు ఆపితే చాలు గదా అనిపించింది. “యాడీ, సీసాలల్ల పెడదాం” అన్నం.

సామాన్ల కోసం ఎక్కడికీ పోలేదు. టెంట్‌హౌస్ నుంచి పెండ్లి బువ్వ వండే గంజు కిరాయికి తెచ్చినం. అడుగున ఇటుక ముక్కలు, వాటి మీద తడి గోనెసంచి పరిచినం, సీసా నేరుగా అడుగుకు తగిలితే పగులుతది. తండాల ఇంటింటికి తిరిగి జాం సీసాలు, పచ్చడి సీసాలు నలభై జమచేసినం. టమాట ఉడికించి, దంచి, వేడివేడిగా నింపి, పాత మూతలే బిగించి, నీళ్లల్ల అర్ధగంట మరగబెట్టినం. ఆ రోజు మాకంటే ఇంజినీర్లు లేరనుకున్నం.

పదిహేను రోజులకు పదకొండు మూతలు ఉబ్బినయ్, లోపల నురుగు. దాది ఒకటి తీసి వాసన చూసి నలభైకి నలభై గుంత తీసి పూడ్చమన్నది. మంచిగున్నవి తినొచ్చు గదా అని మేం కొట్లాడినం. హాస్టల్‌కు వచ్చి లైబ్రరీల చదివినంక తెలిసింది, దాదిదే నిజం.

మేం చేసిన తప్పు గంజుది కాదు. 1810ల ఫ్రాన్స్‌ల నికొలా అపేర్ అనే మిఠాయిలు చేసేటాయన ఆహారాన్ని ఏండ్లకేండ్లు నిల్వపెట్టినందుకు సర్కారు నుంచి 12,000 ఫ్రాంకులు తీసుకున్నడు. ఆయన సామాన్లు కూడా ఇంచుమించు మావే: గాజు సీసాలు, వాటికి గుడ్డ సంచులు, మరిగే నీళ్ల పాత్ర. కాబట్టి “స్టీలు మెషిన్ లేనిది ఏం కాదు” అనేటోళ్ల మాట మేం ఒప్పుకోం. పాత్రను ఎట్లనన్న సర్దుకోవచ్చు. వేడిని, పులుపును మాత్రం సర్దుకోరాదు.

బోటులినం అనే సూక్ష్మజీవి విత్తనాలు నూరు డిగ్రీల మరుగుకు చావవు. గాలి లేని సీసాల మొలిచి విషం చేస్తయ్. మూత ఉబ్బకున్నా, వాసన రాకున్నా ఆ విషం ఉండొచ్చు. పీహెచ్ 4.6 కంటే తక్కువుంటే, అంటే పులుపు సరిపోను ఉంటే, అవి మొలవలేవు. టమాట సరిగ్గా ఆ గీత మీద ఉంటది, కొన్ని ఇటు, కొన్ని అటు. అందుకే అమెరికా వ్యవసాయ శాఖ పద్ధతిల దాదాపు లీటరు సీసాకు అర టీస్పూన్ నిమ్మ ఉప్పు వెయ్యమంటరు. నలగ్గొట్టిన టమాట అయితే సీసాలు పూర్తిగ మునిగి 45 నిమిషాలు మరగాలె, ఊరు వెయ్యి అడుగుల ఎత్తు దాటితే 50. మా జనగామ దాటుతది. మూత కొత్తది కావాలె. మేం నిమ్మ ఉప్పు వెయ్యలేదు, టైం చూడలేదు, మూతలు పాతవి. ఒక్కటన్నా సరిగ చేసినమా అంటే, గోనెసంచి.

అసలు భయం వేరే ఉంది. ఇది విన్న మా గంగారం దోస్తు “వానాకాలం బోడకాకర, పుట్టగొడుగులు, వెదురు కొమ్ములు కూడా ఇట్లనే పెడదాం, పట్నంల మస్తు రేటు” అన్నడు. ఆశ మంచిదే, కానీ వాటిల పులుపు లేదు. గంజుల ఎంతసేపు మరిగినా పనికిరావు, 116 నుంచి 121 డిగ్రీల ఆవిరి ఒత్తిడి కావాలె. ఇంటి కుక్కర్ విజిల్‌తోని ఆ వేడి దగ్గరికి పోతది గానీ, నిమిషాల పట్టికలన్నీ పెద్ద క్యానర్లు వేడెక్కే, చల్లారే టైం లెక్కగట్టి రాసినవి. కుక్కర్ విజిల్ మీద బరువు పెట్టి ఒత్తిడి పెంచే వీడియోలు కూడా చూసినం. దండం పెడతం, ఎవరూ చెయ్యకండి. పుట్టగొడుగులు ఎండబెట్టుడు మన అవ్వలకు ఎప్పటినుంచో తెలుసు, అదే చేద్దాం.

ఇగ అడగాల్సిన మాట. 2020ల మొదలైన పీఎంఎఫ్‌ఎంఈ పథకంల యూనిట్‌కు 35 శాతం సబ్సిడీ అంటరు. మిగతాది బ్యాంకు లోను, ఆ కాగితాలు మా యాడితోని కావు. కానీ అదే పథకంల మహిళా సంఘం సభ్యురాలికి 40 వేల వరకు సీడ్ క్యాపిటల్, చిన్న పనిముట్లకు కూడా వాడుకోవచ్చని ఉంది. ఈ మాట మా తండా సంఘంల ఒక్కరికీ తెల్వదు. వన్‌ధన్ కేంద్రమంటే 300 మంది సభ్యులు. అంతమందికి ఒక పెద్ద గంజు, ఒక థర్మామీటర్, పీహెచ్ కాగితాలు, మూతలు బిగించే చేతి మెషిన్ ఇస్తే చాలు. శిక్షణ పేరుతోని ఒక్క పూట కూసోబెట్టి, ఫోటో దిగి, సర్టిఫికెట్ ఇచ్చి పంపితే మా అమ్మలకు ఏం వస్తది? మా యాడి సర్టిఫికెట్ గోడకు ఉంది. ఆమె చదవలేదు.

ఐటీడీఏను అడుగుదాం, తప్పకుండ అడుగుదాం. కానీ పీహెచ్ కాగితం చూసుడు మనకు ల్యాబ్‌ల నేర్పిండ్రు. రంగు చూసి నంబర్ చెప్పే పని ఆఫీసరు వచ్చేదాకా ఆగాల్సిందేం కాదు. సెలవులకు ఇంటికి పోయినప్పుడు మనమే చెయ్యొచ్చు.

వచ్చే హోలీకి మళ్లీ పెడుతున్నం. ఈసారి ఇరవై సీసాలే, కొత్త మూతలు, నిమ్మ ఉప్పు, ఫోన్‌ల అలారం. ప్రతి సీసా మీద తేదీ రాస్తం. నురుగొచ్చినా, మూత ఉబ్బినా, ఇక్కడనే ఫోటో పెడతం. బీఎస్సీ కెమిస్ట్రీ వాళ్లు ఎవరన్న జనగామ, మానుకోట, భూపాలపల్లి దిక్కు ఉంటే కామెంట్‌ల రాయండి. రావడానికి బస్సు చార్జీ మేం పెట్టుకుంటం. టమాట పప్పు దాది వండుతది, అయితే ఆ సీసాలది కాదు, తాజాదే.