రెండు రోజుల హైదరాబాద్ సఫర్: ముందు అమ్మీకి టికెట్

మా కంబదూరు వైపు నుంచి హైదరాబాద్‌కి "తిండి టూర్" అంటే ఒకటే తరీఖా. నలుగురు కుర్రాళ్లు, ఒక ఫోను, వీడియోలు చూసి రాసుకున్న ఇరవై హోటళ్ల ఫెహరిస్త్. రెండు రోజుల్లో అన్నీ చుట్టేసి, ఫొటోలు దిగి, మూడో రోజు కడుపు పట్టుకుని బస్సు దిగుతారు. జపాన్‌లో ఒసాకా కూడా ఇట్లాంటి తిండి షౌక్ ఉన్న షహరే. అక్కడ 'కుయిదావొరే' అని ఒక మాట ఉంది, తిండికి తగలేసి దివాలా తీయడమని. మనవాళ్లు ఆ మాట వినకుండానే అమల్లో పెట్టారు.

షౌక్ మీద నాకేం ఎతరాజ్ లేదు. 2019లో యునెస్కో తిండి తహజీబ్‌కి పేరున్న నగరాల్లో హైదరాబాద్‌ని చేర్చింది. వెళ్లాల్సిన ఊరే. నా షికాయత్ వేరే. ఆ నలుగురిలో అమ్మీ ఎందుకు లేదు? ఖాలా ఎందుకు లేదు?

మన ఇళ్లల్లో జైకా తెలిసింది వాళ్లకే కదా. ఈద్ వచ్చినా, మెహమాన్‌లు వచ్చినా పొయ్యి దగ్గర వాళ్లే. మగవాళ్ల దస్తర్‌ఖాన్ లేచాకే కూర్చుంటారు, అప్పటికి గిన్నెలో షోర్వా మిగులుతుంది, బోటీలు ఉండవు. ఇంకొకరు వండింది, వేడివేడిగా, తీరిగ్గా కూర్చుని తినే మౌఖా వాళ్లకి ఎన్నిసార్లు దొరికింది? హిసాబ్ వేసి చూడండి.

"అమ్మీకి మోకాళ్ల నొప్పులు, సుగరు, యాడ తిరుగుతాది?" అంటారు. అయితే ఆ మోకాళ్లను బట్టే ప్లాన్ వేయండి. సఫర్‌లో ఉన్నవాళ్లకి నాలుగు రకాతుల నమాజునే రెండుకి కుదించింది మన దీన్. ఇరవై హోటళ్లను మూడుకి కుదించలేమా?

కళ్యాణదుర్గం మీదుగా అనంతపురం చేరి, రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి కాచిగూడ. పాతబస్తీలో నిహారీ తినే వక్త్ అదే. నాలుగు మూలల నాన్ తుంచి, ఆ షోర్వాలో ముంచి తినడం ఒక్కటే ఆ పూట పని. తర్వాత ఇరానీ హోటల్‌లో చాయ్, ఉస్మానియా బిస్కెట్. ఫ్యామిలీ సెక్షన్ ఉందా, బాత్రూం శుభ్రంగా ఉందా, ఆడవాళ్లకి నమాజ్ జాగా దగ్గర్లో ఎక్కడుంది, ఇవి ముందే కనుక్కోండి. ఏ వీడియోలోనూ చెప్పరు, ఎందుకంటే తీసేది కుర్రాళ్లే. సాలార్‌జంగ్ మ్యూజియం చూపించాలనుకుంటే జుమ్మా రోజు మూసి ఉంటుంది, గుర్తుంచుకోండి.

రంజాన్‌లో హలీం కోసం వెళ్దామంటారు కొందరు. 2010లోనే జీఐ గుర్తింపు పొందిన వంట, లాజవాబ్, కాదనను. కానీ ఆ రాత్రిళ్లు చార్మినార్ దగ్గర ఆ రద్దీలో నొప్పుల మనిషిని నడిపించడం జుల్మ్.

మధ్యాహ్నం బిర్యానీ ఎలాగూ తింటారు. నా మాట విని మిర్చీ కా సాలన్, బఘారే బైంగన్ మీద ధ్యాస పెట్టండి. ఆ గ్రేవీ చిక్కదనమంతా పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరిదే. పల్లీ అంటే మన శెనక్కాయే. వాన మొహం చాటేసే మన ఎర్రనేలల్లో, అప్పు చేసి విత్తనం కొని, ఆకాశం వైపు చూస్తూ పండించేది. కలుపు తీసి, కాయలు వలిచి, ఏళ్ల తరబడి రోట్లో చెనిగిల పొడి దంచిన మా ఖాలా ఆ సాలన్ ఒక్క ముద్ద నోట్లో పెట్టుకుంటే, పల్లీ ఎంత వేగిందో, ఎక్కడ మాడిందో చెప్పేస్తుంది. నవాబుల వంటని మనం ఊరికే నోరు తెరుచుకుని చూడక్కర్లేదు. అందులో మన ఊరి హిస్సా కూడా ఉంది, ఆ సంగతి ఆమె నాలుకకి తెలుస్తుంది.

ఖర్చు మాట కూడా. స్త్రీ శక్తి ఉచిత బస్సు రాష్ట్రం లోపలే, హైదరాబాద్ బస్సుకి వర్తించదు. తెలంగాణ పథకం తెలంగాణ ఆడవాళ్లకే. అందుకని టికెట్టు కొనాల్సిందే. ఇరవై హోటళ్ల బిల్లులో సగం చాలు.

ఇంట్లో రెండు రోజులు వంట ఎవరు చేస్తారని అడిగేవాళ్లు తప్పకుండా ఉంటారు. హైదరాబాద్ మొత్తం తినొచ్చిన కుర్రాళ్లు నలుగురున్నారుగా.