రెండు లోకాల మేష్టారు

ఎమ్మే ఇంగ్లిషు చదివినవాళ్లెవరినైనా కదిపి చూడండి. పరీక్షల ముందు లైబ్రరీలో పోటీపడి పట్టుకున్న పుస్తకాల్లో 'ఎ క్రిటికల్ హిస్టరీ ఆఫ్ ఇంగ్లిష్ లిటరేచర్' ఒకటి అంటారు. రెండు లావుపాటి సంపుటాలు. 1960లో మొదట అచ్చయిన ఆ పుస్తకానికి మనదేశంలోనూ ముద్రణలు వచ్చాయి. అందులోంచి నోట్సు రాసుకుని గట్టెక్కినవాళ్లు మన జిల్లాల్లోనూ కొల్లలు.

మరి అట్టమీద పేరున్న ఆ డేవిడ్ డైచెస్ ఎవరు? ఇంగ్లిషు సాహిత్యం మొత్తాన్నీ రెండు సంపుటాల్లోకి ఎక్కించాడంటే ఎవరో అచ్చమైన ఇంగ్లండు దొరగారే అనుకుంటాం. కాదు. ఆయన ఓ యూదు మతగురువు కొడుకు. పెరిగింది స్కాట్లండ్‌లో. తనకు ప్రాణమైన స్కాట్లండ్ సాహిత్యానికి పెద్దల సభలో కుర్చీ వేయించడానికి ఓ జీవితకాలం కష్టపడ్డ మనిషి.

డైచెస్ 1912లో సండర్లాండ్‌లో పుట్టాడు. చిన్నప్పుడే, తండ్రికి ఎడిన్‌బరోలో రబ్బీగా బాధ్యతలు దక్కడంతో కుటుంబం అక్కడికి మారింది. తండ్రి శాలిస్ డైచెస్ రబ్బీల వంశంలో పుట్టినవాడే. అలాగని మడి కట్టుకుని మూల కూర్చునే రకం కాదు. స్కాట్లండ్ తత్వవేత్త డేవిడ్ హ్యూమ్ మీద జర్మనీలో పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్నాడు. హ్యూమ్ అంటే దేవుడి సంగతినే ప్రశ్నలతో కడిగేసిన పెద్దమనిషి! ఆయన మీద ఓ మతగురువు థీసిస్. నిష్ఠగల యూదుడిగా ఉంటూనే నిఖార్సయిన స్కాట్లండ్ పౌరుడిగానూ బతకొచ్చన్నది శాలిస్ నమ్మకం. పిల్లల్ని పెంచిందీ ఆ నమ్మకంతోనే.

పిల్లాడికి మాత్రం రోజూ రెండు లోకాలు. బళ్లో స్కాట్లండ్ రాజుల యుద్ధాలు, ఇంట్లో హీబ్రూ పాఠాలు. శుక్రవారం పొద్దుగూకితే సబ్బాతు మొదలు. ఇక శనివారం చీకటిపడేదాకా కలం పట్టకూడదు, బండెక్కకూడదు, డబ్బు ముట్టకూడదు. తోటిపిల్లలకేమో శనివారమంటే ఆటల రోజు. ఆ వయసులో అదెంత పెద్ద కష్టమో పిల్లలున్న ఇళ్లలో వేరే చెప్పక్కర్లేదు.

ఆ రోజుల గురించి 1956లో 'టూ వరల్డ్స్' పేరుతో ఓ పుస్తకం రాశాడాయన. డైచెస్ రాసినవాటిలో ఒక్కటే చదవాలంటే అదే చదవాలి. అందులో 'ట్రెబ్లర్లు' అని కొందరు కనిపిస్తారు. తూర్పు యూరప్ నుంచి వలసొచ్చిన పేద యూదులు. ట్రావెలర్ అన్న మాట వాళ్ల నోట్లో పడి అలా అయింది. పొద్దున్నే రైలెక్కి ఫైఫ్ ప్రాంతపు పల్లెలకు పోవడం, ఇల్లిల్లూ తిరిగి సరుకు అమ్ముకోవడం, సాయంత్రానికి ఇల్లు చేరడం. ప్రార్థనలు కూడా రైలు పెట్టెలోనే. వాళ్లు మాట్లాడే భాష మరీ తమాషా. సగం యిడ్డిష్, సగం పల్లెటూరి స్కాట్స్. వాళ్లకు ఇంగ్లిషు కంటే ముందు అబ్బింది స్కాట్స్ యాసే మరి! ఆ మాటల్ని చిన్నప్పుడే చెవిలో దాచుకున్నాడు డైచెస్.

ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో డిగ్రీ అయ్యాక ఆక్స్‌ఫర్డ్ వెళ్లాడు. హీబ్రూ బైబిల్ ఇంగ్లిషు అనువాదాల మీద పరిశోధన. అంతవరకూ తండ్రి కలలకు అడ్డేమీ రాలేదు. అసలు తుపాను ఇంట్లో రేగింది. తనతోపాటు చదివిన ఇసబెల్ మెకే అనే అమ్మాయిని ప్రేమించాడు డేవిడ్. ఆమెది క్రైస్తవ కుటుంబం. ఊరందరికీ ధర్మం చెప్పే రబ్బీగారి కొడుకు వేరే మతం పిల్లని చేసుకోవడమా? రెండు లోకాలూ కలిసి బతకొచ్చని నమ్మిన తండ్రికి, ఆ నమ్మకం తన గుమ్మంలోనే ఎదురుతిరిగింది. 1937లో వాళ్లిద్దరూ పెళ్లి చేసుకున్నారు. ఆ ఏడాదే డేవిడ్‌కు షికాగో విశ్వవిద్యాలయంలో ఉద్యోగం వచ్చింది. సముద్రం దాటేశారు.

రెండేళ్లకు, 27 ఏళ్ల వయసులో, 'ది నావెల్ అండ్ ది మోడర్న్ వరల్డ్' రాశాడు. కాన్రాడ్, జాయిస్, వర్జీనియా వుల్ఫ్ లాంటివాళ్ల నవలల మీద విమర్శ అది. అప్పటికి వుల్ఫ్ బతికే ఉంది. జాయిస్ 'యులిసిస్' మీద అమెరికాలో నిషేధం తొలగి ఆరేళ్లే. అలాంటి కొత్త సరుకును తూకం వేయడానికి పెద్ద పెద్ద ప్రొఫెసర్లే జంకుతుంటే ఈ కుర్రాడు కూర్చుని కారణం వెతికాడు. ఈ నవలలు ఎందుకిలా తయారయ్యాయి?

ఆయన జవాబు సులువైనదే. పాతకాలం నవలాకారుడికీ పాఠకుడికీ మధ్య ఓ ఒప్పందం ఉండేది. ఏది ముఖ్యమో, ఏది కాదో ఇద్దరికీ తెలుసు. పెళ్లి కుదిరిందంటే ముఖ్యం. ఆస్తి పోయిందంటే ముఖ్యం. ఇరవయ్యో శతాబ్దం వచ్చేసరికి అందరూ ఒప్పుకునే ఆ కొలబద్ద విరిగిపోయింది. ఇక రచయిత మనిషి మనసు లోపలికి దిగాడు. అక్కడ కాలం కూడా గడియారం చెప్పినట్టు నడవదు. నవీన్ 'అంపశయ్య' చదివినవాళ్లకు ఈ చైతన్య స్రవంతి పద్ధతి పరిచయమే. తనకు ముఖ్యమైనది తండ్రికి తప్పుగా, తండ్రికి పవిత్రమైనది తనకు భారంగా మారిన ఇంటినుంచి వచ్చిన కొడుకే ఈ మాట రాశాడన్నది గుర్తుంచుకుంటే, ఆ విమర్శ గ్రంథం కాస్త వేరుగా వినిపిస్తుంది.

యుద్ధం రోజుల్లో పాఠాలు ఆపి అమెరికాలోనే బ్రిటిష్ ప్రభుత్వానికి పనిచేశాడు. 1945లో తండ్రి పోయేనాటికి కొడుకు సముద్రానికి అవతల ఉన్నాడు. 'టూ వరల్డ్స్' నిండా ఉన్నది ఆ తండ్రే. బతికుండగా చెప్పలేకపోయినవి పదకొండేళ్ల తర్వాత పుస్తకంలో చెప్పినట్టుంటుంది.

చిత్రమేమిటంటే, స్కాట్లండ్ సాహిత్యం మీద ఆయన ముఖ్యమైన పుస్తకాలు రెండు అమెరికాలో ఉండగానే వచ్చాయి. 1947లో స్టీవెన్సన్ మీద, 1950లో రాబర్ట్ బర్న్స్ మీద. ఊరికి దూరమైతేనే ఊరు కనపడుతుందేమో! ఆ కాలంలో స్కాట్లండ్ సాహిత్యమంటే విశ్వవిద్యాలయాల్లో విడిగా ఓ చదువే కాదు. ఇంగ్లిషు సాహిత్యానికి తోక.

బర్న్స్‌నే తీసుకోండి. 1786లో ఆయన కవితలు అచ్చయినప్పుడు ఎడిన్‌బరో పెద్దలు 'దేవుడు చదువు చెప్పిన రైతు' అని మురిసిపోయారు. పొగడ్తలా ఉంటుంది. నిజానికి చదువురానివాడికిచ్చే యోగ్యతాపత్రం! డైచెస్ ఆ బొమ్మను పక్కకు నెట్టేశాడు. బర్న్స్ బాగా చదువుకున్నవాడనీ, రామ్సే, ఫెర్గుసన్ లాంటి ముందుతరం స్కాట్స్ కవుల దారిని తెలిసే పట్టుకున్నాడనీ కవితలు విప్పి చూపించాడు. పెద్దమనుషుల మెప్పుకోసం ఇంగ్లిషులో రాసినచోట ఎలా తేలిపోయాడో కూడా మొహమాటం లేకుండా చెప్పాడు.

దీని వెనకున్న రోగమేమిటో 1964లో 'ది పారడాక్స్ ఆఫ్ స్కాటిష్ కల్చర్'లో వివరించాడు. 1707లో స్కాట్లండ్ పార్లమెంటు ఇంగ్లండుతో కలిసిపోయింది. దాంతో చదువుకున్నవాళ్లకు నాలుకమీద ఉన్న భాష నామోషీ అయింది. హ్యూమ్ అంతటివాడే తన రాతలో దొర్లకూడని స్కాట్స్ మాటల జాబితా వేసుకున్నాడు. 1761లో షెరిడన్ అనే ఐర్లండు నటుడు ఎడిన్‌బరో వచ్చి ఇంగ్లిషు ఉచ్చారణ మీద ఉపన్యాసాలిస్తే పట్టణంలోని గొప్పవాళ్లు వందలమంది డబ్బు కట్టి మరీ విన్నారు. ఇంగ్లిషు ఎలా పలకాలో స్కాట్లండ్ వాళ్లకు ఓ ఐర్లండు మనిషి నేర్పడం! ఇంట్లో ఒక భాష, కాగితంమీద ఇంకొకటి. వాడుక భాష కోసం గిడుగు, గురజాడ పడ్డ పాట్లు తెలిసిన మనకు ఇందులో వింతేమీ లేదు.

డైచెస్ రెండు చదువులూ కలిసిన చోటు హ్యూ మెక్‌డయర్మిడ్. ఆ పేరుతో 1922 నుంచి రాసిన కవి అసలు పేరు క్రిస్టఫర్ గ్రీవ్. 'యులిసిస్' వచ్చిన సంవత్సరమూ అదే. పల్లెటూళ్లకే సరిపోతుందని వదిలేసిన స్కాట్స్ భాషలో అత్యాధునిక కవిత్వం రాసి చూపించాడు. జాయిస్‌నీ తెలిసి, బర్న్స్‌నీ తెలిసిన విమర్శకుడు కావాలి ఆ కవిత్వాన్ని లోకానికి పరిచయం చేయడానికి. 1948లోనే డైచెస్ ఆ పనికి పూనుకున్నాడు.

కార్నెల్, ఆ తర్వాత కేంబ్రిడ్జ్. 1961లో కొత్తగా మొదలైన ససెక్స్ విశ్వవిద్యాలయానికి వెళ్లి, 1977లో పదవీ విరమణ దాకా అక్కడే. సాహిత్యం చదివే పిల్లలు చరిత్ర, తత్వశాస్త్రం గోడ అవతల వదిలేసి రాకూడదన్న ఆలోచనతో పుట్టిన చోటు అది. మధ్యలో 1969లో స్కాచ్ విస్కీ మీద కూడా ఓ పుస్తకం రాశాడు. రబ్బీగారి అబ్బాయి, బైబిల్ పరిశోధకుడు... విస్కీ చరిత్ర! దాన్ని కూడా పాఠం చెప్పినంత శ్రద్ధగానే రాశాడు.

రిటైరయ్యాక మళ్లీ ఎడిన్‌బరోనే. 1980లో బుకర్ బహుమతి న్యాయనిర్ణేతల సంఘానికి అధ్యక్షత వహించాడు. అప్పటికి గ్లాస్గో విశ్వవిద్యాలయంలో స్కాటిష్ సాహిత్యానికి విడిగా శాఖ ఏర్పడి తొమ్మిదేళ్లు. ఆ సాహిత్య అధ్యయన సంఘానికి కూడా కొన్నేళ్లు అధ్యక్షుడిగా ఉన్నాడు. కూతురు జెన్నీ కాల్డర్ తండ్రి దారిలోనే నడిచి స్టీవెన్సన్ జీవిత చరిత్ర రాసింది. 2005 జులైలో, 92 ఏళ్ల వయసులో ఎడిన్‌బరోలో కన్నుమూశాడు డైచెస్.

ట్రెబ్లర్ల పిల్లలు చదువుకుని డాక్టర్లు, లాయర్లు అయ్యారు. రైలు పెట్టెలో వినిపించిన ఆ స్కాట్స్ యిడ్డిష్‌ను మాట్లాడేవాళ్లు లేరిప్పుడు. ఆ భాష ఎలా ఉండేదో తెలుసుకోవాలనుకునేవాళ్లు ఇవాళ్టికీ మొదట తెరిచేది 'టూ వరల్డ్స్'లోని ఆ కాసిని పేజీలే.