రాత్రులు తగ్గిస్తే ట్రౌట్ ఖరీదవుతుంది!

రీల్స్‌లో చూసే ఉంటారు. మోకాళ్ల లోతు నీళ్లలో నిలబడి ఒకాయన పొడవాటి దారాన్ని గాల్లో ఊపి వదులుతాడు. మచ్చల చేప ఒకటి ఎగిరిపడుతుంది. ఓ ఫొటో తీసుకుని మళ్లీ నీళ్లలోకి వదిలేస్తాడు. అదే ఫ్లై ఫిషింగ్. ఆ చేప పేరు ట్రౌట్.

తెనాలి, బాపట్ల, రేపల్లె కుర్రాళ్లకి గాలం కొత్తేం కాదు. కాలవలో కొర్రమీను పట్టినవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. కానీ ట్రౌట్ మన కాలవల్లో బతకదు. దానికి చల్లగా పారే, ఆక్సిజన్ బాగా ఉండే నీళ్లు కావాలి. వేడి 20 డిగ్రీలు దాటితే ఇబ్బంది పడిపోతుంది. కాబట్టి అదున్న చోటికి మనమే వెళ్లాలి.

ఎక్కడికి? మనసు న్యూజిలాండ్ వైపు లాగుతుంది. ఆక్లండ్‌లో బావ ఉంటే బస ఖర్చు మిగులుతుంది, నిజమే. కానీ విమానం టికెట్, వీసా, విదేశీయులకి ఎక్కువ రేటుండే లైసెన్సు... పైగా పేరున్న టౌపో ప్రాంతానికి లైసెన్సు వేరే. మొదటి ఉద్యోగంలో దాచుకున్న డబ్బుతో అయ్యే పని కాదు.

భూటాన్ అలా కాదు. అక్కడి నదుల్లో బ్రౌన్ ట్రౌట్ ఉంది. మనకి వీసా అక్కర్లేదు, ఎంట్రీ పర్మిట్ చాలు. విజయవాడ నుంచి న్యూ జల్పాయిగురికి నేరుగా రైళ్లున్నాయి. అక్కడి నుంచి ఇంకో రైల్లో హాసిమారా, ఆపైన రోడ్డు మీద జైగావ్. గేటు దాటితే ఫుంట్‌షోలింగ్. స్లీపర్ క్లాసులో ఫారిన్ ట్రిప్పన్నమాట! ఒక్కటి గుర్తుంచుకోండి, ఆధార్ చెల్లదు. పాస్‌పోర్టో, ఓటరు కార్డో ఉండాలి.

ఇక అసలు లెక్క. భూటాన్ ప్రభుత్వం భారతీయుల దగ్గర మనిషికి రాత్రికి 1,200 రూపాయల రుసుము తీసుకుంటుంది. బయల్దేరే ముందు ఆ రేటు మరోసారి చూసుకోండి. నలుగురు వెళ్తే ట్యాక్సీ ఖర్చు నాలుగు భాగాలవుతుంది. ఈ రుసుము మాత్రం అవదు.

అయితే మూడు రాత్రులతో సరిపెడదాం అనుకుంటాం. అక్కడే లెక్క తిరగబడుతుంది. ఘాట్ రోడ్డు మీద వెళ్లడానికి ఒక రోజు, రావడానికి ఒక రోజు. మధ్యలో రెండు రోజులు. అందులో ఒకటి లైసెన్సుకీ, గైడుని మాట్లాడుకోవడానికీ పోయిందనుకోండి, నీళ్లలో దిగేది ఒక్క రోజే. దానికి రుసుము 3,600. అదే ఐదు రాత్రులుంటే 6,000 అవుతుంది గానీ, గాలం వేసే రోజులు మూడు. అంటే రోజుకి 2,000. ఇంకో రెండు నెలలు ఆగి ఐదు రాత్రుల డబ్బు పోగేసుకోవడమే మేలు.

మరి పొదుపు ఎక్కడ? సామానులో. తొమ్మిదడుగుల, ఐదో నంబరు రాడ్ ఒకటి చాలు. నాలుగు ముక్కలుగా విడిపోయేది తీసుకుంటే రైల్లో తేలిగ్గా పడుతుంది. నీళ్లలో దిగే వేడర్లు కొనొద్దు, అక్కడ అద్దెకి దొరుకుతాయేమో గైడుని ముందే అడగండి.

రెండో పొదుపు, ఇక్కడే నేర్చుకోవడం. మన గాలానికి సీసం గుండు బరువిస్తుంది. ఇక్కడ ఎర ఈకతో చేసిన ఉత్తుత్తి ఈగ, దానికి బరువే ఉండదు. లైను బరువే దాన్ని మోసుకెళ్తుంది. అందుకే లైను వెనక్కి పూర్తిగా చాచుకున్నాకే ముందుకి విసరాలి. స్కూలు గ్రౌండులో, గాలం బదులు ఊలు ముక్క కట్టి నెల రోజులు సాధన చేయండి. ఆ పాఠం భూటాన్‌లో నేర్చుకుంటే రోజుకి 2,000 ఖర్చు!

లైసెన్సు లేకుండా అక్కడ చేప పట్టకూడదు. మఠాల దగ్గరా, పవిత్రమైన రోజుల్లోనూ అసలే వద్దు. టికెట్ కొనకముందే తేదీలు గైడుతో సరిచూసుకోండి. ముల్లు లేని గాలం వాడండి. చేతులు తడుపుకునే చేపని ముట్టుకోండి, వెంటనే వదిలేయండి.

“పట్టి వదిలేయడానికి అంత దూరమా?” అని ఇంట్లో అడుగుతారు. ఆ ప్రశ్నకి మీ దగ్గర జవాబుంటే డబ్బు దాచడం మొదలెట్టండి. లేదంటే తెనాలిలో రేపల్లె ప్యాసింజర్ ఎక్కేయండి. కొర్రమీను పులుసుకి పర్మిట్ అక్కర్లేదు.