బెజవాడ అంటే లాడ్జి గదేనా?

మన యాత్రా వ్యాసాల్లో బెజవాడకి ఒకటే ఉద్యోగం: లాడ్జి గది. అక్కడ దిగండి, పొద్దున ఉండవల్లి గుహలు, మధ్యాహ్నం కొండపల్లి ఖిల్లా, మర్నాడు అమరావతి, కుదిరితే కూచిపూడి. రాత్రికి వచ్చి పడుకోండి. ఊరి గురించి మాత్రం రెండే ముక్కలు: ఎండ, ట్రాఫిక్.

మాది తిరువూరు దగ్గర వినగడప. మావాళ్ళకి బెజవాడే గమ్యం. పెద్దాసుపత్రి, పుస్తకాల కొట్లు, కోచింగులు అన్నీ అక్కడే. అందుకే నాకు పక్షపాతం అంటారా? ఉంది. కానీ నా వాదన దానిమీద నిలబడి లేదు.

అమరావతి స్తూపం శిల్పాలు చాలావరకు లండన్ బ్రిటిష్ మ్యూజియంలోనూ, చెన్నై ఎగ్మూరులోనూ ఉన్నాయి. స్తూపం దగ్గర మిగిలింది చూసి నిట్టూర్చే యాత్రికుడికి, బెజవాడ బందరు రోడ్డు మ్యూజియంలో అల్లూరు బుద్ధుడు నిలబడి ఉన్నాడని ఎవరూ చెప్పరు. 1921లో పింగళి వెంకయ్య గాంధీకి జెండా నమూనా అందించింది ఈ ఊళ్ళోనే అనీ చెప్పరు. మొగల్రాజపురం గుహలైతే ఇళ్ళ మధ్యనే ఉన్నాయి.

అసలు తిరకాసు ‘బేస్’ అనే మాటలో ఉంది. అలా అన్నాక ఊరు వాడుకునే వస్తువైపోతుంది. చుట్టుపక్కల అంటే కూడా కోటలూ గుహలే. మైలవరం, తిరువూరు మీదుగా భద్రాచలం పోయే దారిలో ఊళ్ళు బస్సు కిటికీకే పరిమితం.

రాసేవాళ్ళకి ఒకటే మనవి. రెండు రాత్రులు ఉంటున్నారు కదా, ఒక్క పగలు కూడా ఆ ఊరికి ఇవ్వండి. నిద్రపోయిన ఊరిమీద తీర్పులు రాయకండి.