బాణీ కట్టినవాని పేరు

కరీంనగరము, ఆదిలాబాదు ప్రాంతముల పాఠశాలలలో వార్షికోత్సవమనగా సినిమా పాట ఉండి తీరవలసినదే. వేదిక నెక్కిన బాలిక ముందుగా చిత్రము పేరు చెప్పును. పిదప గాయకుని పేరు చెప్పును. ఉపాధ్యాయుడు శ్రద్ధ గలవాడైనచో కవి పేరును కూడ చెప్పించును. ఆ పాటకు బాణీ కట్టిన సంగీత దర్శకుని పేరు మాత్రము సాధారణముగా వినబడదు. వినబడలేదని సభలో ఎవ్వరును అడుగరు. ఇది స్వల్ప విషయముగా తోచవచ్చును. కాని చెవికి చదువు నేర్పవలసిన చోట ఇది స్వల్పమైన లోపము కాదు.

ఇందులకు ఈ సీమలోనే నిదర్శనము గలదు. నేటి రాజన్న సిరిసిల్ల జిల్లాలోని హనుమాజీపేటలో 1931లో జన్మించిన సి. నారాయణరెడ్డి సిరిసిల్లలోను, కరీంనగరములోను ఉర్దూ మాధ్యమమున చదువుకొనియు తెలుగు మహాకవియై, 1988వ సంవత్సరపు జ్ఞానపీఠ పురస్కారము నందుకొనెను. 1962లో విడుదలైన 'గులేబకావళి కథ'తో ఆయన చలనచిత్ర గీతరచన ఆరంభమైనది. ఆ సంగతి ఈ ప్రాంతమున చదువుకున్న వారందరును గర్వముతో చెప్పుకొందురు. అందు పాడిన ఘంటసాలను, సుశీలను ఎరుగనివారు లేనే లేరు. అయితే ఆ చిత్రమునకు సంగీతము కూర్చిన జోసెఫ్, విజయా కృష్ణమూర్తుల పేర్లు ఎందరికి గుర్తున్నవి? కవికి దక్కిన కీర్తిలో వారికి భాగము లేదా?

స్వరకర్త చేయు పని ఏమి? మాటలోని గురులఘువులను తూచి, ఏ అక్షరమును సాగదీయవలెనో, ఏ అక్షరమును తేలికగా దాటవలెనో, ఎచ్చట ఊపిరి తీయవలెనో నిర్ణయించువాడు ఆతడే. సన్నివేశమునకు తగిన రాగచ్ఛాయను వెదకువాడును ఆతడే. 1951లో వచ్చిన 'మల్లీశ్వరి'లో కృష్ణశాస్త్రి మాటలలోని సౌకుమార్యము చెదరకుండ సాలూరి రాజేశ్వరరావు వాటికి స్వరరూపమిచ్చెను. వాద్యబృంద నిర్వహణమున అద్దేపల్లి రామారావు ఆయనకు తోడ్పడెను. పల్లవికిని చరణమునకును నడుమ వాద్యములు పలుకు కొద్ది క్షణములను ఒక్కసారి శ్రద్ధగా వినినవారికి, అవి ఖాళీని నింపుటకు పెట్టినవి కావనియు, రాబోవు మాటకు మనస్సును సిద్ధము చేయునవనియు తెలియును.

సినిమా పాట సంకర సంగీతమనియు, పాఠశాలలో దానికి తావీయరాదనియు కొందరు పెద్దల అభిప్రాయము. 'పాతాళభైరవి', 'మాయాబజార్' చిత్రములకు సంగీత దర్శకుడైన ఘంటసాల విజయనగరము సంగీత కళాశాలలో శాస్త్రీయముగా అభ్యసించినవాడే. అదియును గాక, వద్దన్నంత మాత్రమున పిల్లలు సినిమా పాటలు వినుట మానరు. వినక మానని దానిని తెలిసి వినునట్లు చేయుటయే ఉపాధ్యాయుని ధర్మము.

స్వరకర్త పేరు చెప్పుటతో మాత్రము ఋణము తీరదు. ఆతని వెనుక మరియొక ఋణము గలదు. నారాయణరెడ్డిని బాల్యమున ఆకర్షించినవి హరికథలు, జానపదములు, జంగము కథలు. సిరిసిల్ల వాడైన వేణు యెల్దండి దర్శకత్వమున 2023లో వచ్చిన 'బలగం' చిత్రము చివర ప్రేక్షకులను కంటతడి పెట్టించినవి బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతుల గొంతులు. ఆ చిత్రమునకు సంగీత దర్శకుడు భీమ్స్. చావు ఇంట పాడు పాటకు చిత్రమున అంతటి స్థానము లభించుట సామాన్యము కాదు. మొగిలయ్య 2024లో కన్నుమూసెను. సినిమాలోని పాట నిలిచినది. ఊరూర తిరిగి అట్లు పాడగలవారు మాత్రము తగ్గిపోవుచున్నారు.

ఆదిలాబాదు అడవులలోను ఇదే కథ. దండారీ వేళ గోండుల గుస్సాడీ నృత్యమునకు మ్రోగు వాద్యములకును, పర్ధానులు కింగ్రీ మీటుచు వినిపించు గోండు వీరగాథలకును స్వరకర్తల పేర్లు లేవు. మార్లవాయికి చెందిన గుస్సాడీ గురువు కనకరాజుకు 2021లో పద్మశ్రీ ప్రకటింపబడినపుడు గాని బయటి లోకము ఆ కళ వైపు తేరిపార చూడలేదు. ఆయనయును 2024లో గతించెను. తన ఇంటి పాటను తక్కువగా నెంచు బిడ్డకు, అదే బాణీ వెండితెర మీద విని మెచ్చుకొనునపుడు, అది తన తాతదని చెప్పువారు ఎవరు? ఉపాధ్యాయుడు చెప్పనిచో మరియొకరు చెప్పరు.

ఇందులకు ధనము అక్కరలేదు, వేరు పాఠ్యగ్రంథమును అక్కరలేదు. తెలుగు పాఠమునందు ఒక పాటను ముందు పద్యమువలె చదివించి, పిదప వినిపించి, స్వరకర్త ఏ మాటయొద్ద నిలిచెనో, ఎందులకు నిలిచెనో అడిగినచో చాలును. వేదిక మీద పాడు ప్రతి బాలుడును కవిని, స్వరకర్తను, గాయకుని, బాణీ జానపదుల నుండి వచ్చినదైనచో ఆ జానపదులను పేర్కొనుట అలవాటు కావలెను. కృతజ్ఞత నేర్చిన చెవియే సంగీతము నేర్చిన చెవి.