వేరు తెగని చెర్రీ

ఒక కుటుంబం ఒకే పనిని పట్టుకొని 200 ఏండ్లు నిలవడం అరుదు. అటువంటి ఇంటివారి కథ ఈ నెల చెప్పుకొందాము. వారు చేసేది చెర్రీపండ్ల తీపి మద్యం. మద్యం మాట ఎత్తినందుకు పెద్దలు నొసలు చిట్లించవద్దు. మనకు కావలసినది సీసాలోని సరుకు కాదు, దాని వెనుక ఉన్న సంసారం.

ఏడ్రియాటిక్ సముద్రపు తూర్పు గట్టున జారా అనే రేవుపట్టణం ఉన్నది. నేడది క్రొయేషియాలోని జదర్. ఆ ఊరు ఆస్ట్రియా చక్రవర్తి ఏలుబడిలో ఉన్న రోజులలో జిరోలమో లుక్సార్డో అనే జెనోవావాడు సార్డీనియా రాజ్యపు కాన్సలుగా, భార్య మరియా కనెవారితో అక్కడికి వచ్చినాడు. అంటే వారూ మనవలె పొరుగునాట కాపురం పెట్టినవారే.

ఆ గట్టున మరాస్కా అనే చిన్న పుల్లచెర్రీ పండుతుంది. దానితో మరాస్కినో కాయడం ఆ ఊరి పాత వాడుక. ఇల్లాలు మరియా ఇంటిలో చేసినదానికి మంచి పేరు రాగా, భర్త 1821లో బట్టీ పెట్టినాడు. 1829లో చక్రవర్తి 15 ఏండ్లకు ప్రత్యేక హక్కు ఇచ్చినాడు. 1913లో మూడవ తరంవాడైన మైకెలాంజెలో పెద్ద కర్మాగారం కట్టించినాడు.

ఈ పనిలో తొందర పనికిరాదు. పండ్లతోపాటు గింజలు, కాడలు, ఆకులు కూడ సారాలో నానవేసి కొయ్యతొట్లలో ఏండ్ల తరబడి ఉంచుతారు. తరువాత రాగిబట్టీలో దించితే నీళ్లవంటి తేట ద్రవం వస్తుంది. రంగు దిగని కొయ్యతొట్లలో దానిని మళ్లీ మాగనిచ్చి, పంచదార కలిపి, గడ్డి అల్లిన సీసాలకు ఎత్తుతారు.

మొదటి యుద్ధం తరువాత ఊరు ఇటలీకి వచ్చినది. రెండవ యుద్ధంలో, 1943-44లో, బాంబులు పడి ఊరూ కర్మాగారమూ నేలమట్టమైనవి. అన్నదమ్ములలో పియెత్రో, నికొలో, నికొలో భార్య బియాంకా హతులైనారు. ఊరు యుగోస్లావియాకు పోయినది. అక్కడ మరాస్కినో కాయడం ఆగలేదు గాని, ఆ ఇంటివారికి చోటు లేకపోయినది.

మిగిలిన తమ్ముడు జార్జియో 1947లో ఇటలీలోని పాదువా దగ్గర తొరెల్యా గ్రామంలో మళ్లీ బట్టీ పెట్టినాడు. కొలతలూ పద్ధతీ తెలిసినవే. కాని చెర్రీ ఏదీ? చెట్టు మారితే ఆవకాయ రుచి మారుతుందని మన ఆడవారికి వేరే చెప్పాలా? అదృష్టవశాత్తు ఫ్లోరెన్సు విశ్వవిద్యాలయపు ఆచార్యుడు మొరెత్తీని యుద్ధానికి పూర్వమే, చదువు నిమిత్తం, జారా మరాస్కాను తెచ్చి పెంచుతున్నాడు. ఆ మొక్కలే తొరెల్యా కొండవాలున తోటలైనవి. నేటికీ బట్టీ ఆ కుటుంబం చేతిలోనే ఉన్నది.

బాంబులకు కర్మాగారం పోయినది, తోటలు పరాయివైనవి. బయటివాని పెరటిలో ఉన్న మొక్క మాత్రం దక్కినది. మన ఇండ్లలోనూ తాతమ్మలనాటి ఊరగాయ కొలతలు, పెరటి కరివేపాకు, మందుచెట్లు ఉన్నవి. వాటిని మన ఇంటికే దాచుకొనక ఒక పిలక పొరుగింటికి, ఒక కాగితం ఆడపడుచుకు ఇచ్చి ఉంచండి. ఏనాటికైనా అడిగి తెచ్చుకొనడానికి ఒక గడప ఉంటుంది.