ఎక్సెల్ బండి ఖర్చు ఎవరి ఖాతాలో?

పొద్దున ఆరు గంటలకు సిద్దిపేట నుంచి దుబ్బాక పోయే రోడ్డు మీద ఓ అరగంట నిలబడి చూడండి. ఆటోల్లో కిక్కిరిసి పోయే ఆడకూలీలు కనబడతారు. వాళ్ల వెనకాలే ఎక్సెల్ బండ్ల మీద మగకూలీలు. ముందర మందు కొట్టే పంపు, కొక్కేనికి సద్ది సంచి, వెనుక ఇంకో మనిషి, ఆ మనిషి చేతిలో పార. ఆ బండి రోడ్డు దిగుతుంది, ఎడ్ల బాట పడుతుంది, కాలువ కట్ట ఎక్కుతుంది, పొలం ఒడ్డు మీది నుంచి మడి దాకా పోతుంది.

ఆస్ట్రేలియా, న్యూజీలాండ్ దేశాల్లో ఇటువంటి పనికి నాలుగు లావు చక్రాల బండి వాడతారు. ఏ నేల మీదనైనా నడిచే బండి అని దానికి పేరు. మన దగ్గర అది రిసార్టుల్లో డబ్బున్నవాళ్ల పిల్లలు కిరాయి కట్టి ఆడుకునే వస్తువు. మన కూలివాడికి ఏ నేల మీదనైనా నడిచే బండి ఎక్సెల్ ఒక్కటే. 1980లో టీవీఎస్ ఫిఫ్టీ పేరుతో వచ్చిన ఇద్దరు కూర్చునే మోపెడ్ దీని తాత. 2015లో వచ్చిన ఎక్సెల్ హండ్రెడ్ ఇవాళ మన ఊళ్లలో ప్రతి వాడకట్టుకూ కనబడుతుంది. దీన్ని చూపించి కొందరు ఆసాములు, "కూలోళ్లకేం తక్కువ, ఇంటింటికి బండి ఉన్నది" అని ఎత్తిపొడుస్తుంటారు. ఆ మాటకు జవాబు చెప్పడానికే ఇది రాస్తున్నాను.

వెనకటి రోజుల్లో కూలి పని ఊళ్లోనే దొరికేది. నడిచి పోయేవాళ్లం. ఇప్పుడు వరికోత మిషన్లు వచ్చి కోతల పని మింగేశాయి. మిగిలింది తునకలు తునకల పని. ఇవాళ ఒక ఊళ్లో మందు కొట్టుడు, రేపు ఇంకో ఊళ్లో ఒడ్లు చెక్కుడు, ఎల్లుండి బస్తాలు ఎత్తుడు. 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైన మల్లన్నసాగర్ కింద వేములఘాట్ వంటి ఊళ్లు మునిగిపోయాయి. అక్కడి కూలీలు ఇవాళ గజ్వేల్ దగ్గరి కాలనీల్లో ఉన్నారు. వాళ్లకు చుట్టూ ఇండ్లున్నాయి గాని పొలాల్లేవు. పని ఎక్కడుంటే అక్కడికి బండేసుకొని పోవాల్సిందే. అందుకే బండి కూడా పార, కొడవలి లాంటి పనిముట్టే అంటున్నాను. తేడా ఏమంటే పారకు నెలనెలా కిస్తీ ఉండదు.

లెక్క చూద్దాం. యాభై వేలు అప్పు తీసుకున్నారనుకోండి. ఫైనాన్స్ వాడు "నూటికి రూపాయి మిత్తి, అంతే" అంటాడు. రెండేండ్లకు మిత్తి పన్నెండు వేలు, మొత్తం అరవై రెండు వేలు, నెలకు 2,583 రూపాయల కిస్తీ. వినడానికి న్యాయంగానే ఉంది. కాని నెలనెలా అసలు తీరుతూనే ఉంటుంది కదా. చివరి నెల మన దగ్గర ఉన్నది రెండున్నర వేల అసలు. అయినా మిత్తి మాత్రం మొదటి యాభై వేల మీదే వేస్తాడు. తగ్గే అసలు మీద లెక్క కడితే అది నూటికి రూపాయి ఎనభై పైసల మిత్తి అవుతుంది. ఫైనాన్స్ ఆఫీసులో అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: "మిత్తి మొత్తం అసలు మీదనా, తగ్గే అసలు మీదనా?"

నెలకు ఇరవై రోజులు పని దొరికితే కిస్తీ రోజుకు 129 రూపాయలు పడుతుంది. పోను రాను ముప్పై కిలోమీటర్లు తిరిగితే, లీటరుకు యాభై చొప్పున, పెట్రోలు అరవై రూపాయలకు పైనే. ఆయిలు, టైర్లు, చైను కలుపుకుంటే రోజుకు రెండు వందలు. ఆరు వందల కూలి అని ఆసామి చెప్పుకుంటాడు, మన ఇంటికి చేరేది నాలుగు వందలు. బండి మీద దవాఖానకు పోతాం, రేషన్ తెచ్చుకుంటాం, కొమురవెల్లి జాతరకు కూడా పోతాం, నిజమే. సగం ఖర్చు మన సొంతానికి రాసుకున్నా రోజుకు నూరు రూపాయలు పని కిందికే వస్తుంది. దాన్ని ఎవరు ఇస్తున్నారు?

ఈ విషయంలో ఆడకూలీలు మనకంటే తెలివైనవాళ్లు. నాట్లకు గుత్త మాట్లాడేటప్పుడు ముఠా పెద్దమనిషి మొదట అడిగే మాట "ఆటో కిరాయి ఎవరిది?" అని. అది తేలనిదే కాలు కదపరు. సొంత బండి ఉన్న మగవాడు మాత్రం పెట్రోలు మాట నోటినుంచి రానియ్యడు, నామోషీ. ఇందులో నామోషీ ఏమున్నది? 2005 నాటి ఉపాధి హామీ చట్టంలోనే ఊరికి ఐదు కిలోమీటర్లు దాటి పని చూపిస్తే కూలి మీద పది శాతం అదనంగా ఇవ్వాలని రాశారు. దూరానికి ధర ఉంటుందని సర్కారే ఒప్పుకున్న సంగతిని ఆసామి దగ్గర మనం ఎందుకు మరిచిపోవాలి?

ఇక బండి సంగతి. రోజుకు రెండు వందలు తినే వస్తువును మనం చూసుకునే తీరు బాగా లేదు. నన్నే తీసుకోండి. నా పాత బండి టూ స్ట్రోక్. పెట్రోల్లోనే ఆయిలు కలిపి పోసేవాణ్ని. కొత్తది ఫోర్ స్ట్రోక్. దీనికి ఆయిలు ఇంజనులో విడిగా ఉంటుంది, పెట్రోల్లో కలపొద్దు, ఇంజను ఆయిలు మాత్రం మార్చాలి. ఈ చిన్న తేడా నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. ఏడాదిన్నర ఆయిలు మార్చకుండా తిప్పాను. ఒకనాడు ఇంజను పట్టేసింది. మెకానిక్కు కాక్ విప్పితే చెంచాడు నల్లటి జిగురు వచ్చింది. "అన్నా, బండి బోరుకొచ్చింది" అన్నాడు. పదిహేను రోజుల కూలి పోయింది. ఆ తర్వాతనే ఆయన షెడ్డులో కూర్చొని విప్పుడు, బిగించుడు నేర్చుకున్నాను.

నేర్చుకున్నది చెబుతాను. ఆయిలు ఎన్ని కిలోమీటర్లకు మార్చాలో బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది, అంతకంటే ముందే మార్చండి. దుమ్ములో, బురదలో తిరిగే బండికి పట్నం బండి లెక్క పనికిరాదు. పదిహేను రోజులకోసారి ఆయిలు మట్టం చూడండి. వడ్ల పొట్టు, దుమ్ము ఎయిర్ ఫిల్టరును మూసేస్తాయి. అప్పుడు బండి గుంజదు, పెట్రోలు మాత్రం తాగుతుంది. దమ్ము చేసే కాలంలో చైనుకు పట్టిన బురద ఎండి ఇసుక కాగితంలా పళ్లను అరగదీస్తుంది. ఇంటికి రాగానే బురద కడిగి, ఆరినాక నాలుగు చుక్కలు మంచి గేరు ఆయిలు వేయండి. ఇంజను నుంచి తీసిన నల్ల ఆయిలు వేయొద్దు, అందులో ఇనుప పొడి ఉంటుంది. చైను కింది భాగాన్ని వేలితో ఎత్తితే అంగుళం మించి కదిలితే బిగించాలి. ఊరి కిరాణంలో సీసా పెట్రోలు కొనడం తగ్గించండి. ధర ఎక్కువ, పైగా అందులో నీళ్లూ నలకలూ. 2020 తర్వాత వచ్చిన ఇంజెక్షన్ బండ్లకు అది విషమే. పాత బండి కార్బొరేటరును చెట్టు కింది మెకానిక్కు స్క్రూడ్రైవరుతో బాగు చేసేవాడు, కొత్త బండి షోరూముకు పోక తప్పదంటున్నారు. కంపెనీవాళ్లు మన చేతిలో ఉన్న విద్యను కూడా గుంజుకుంటున్నారు, అది వేరే కథ.

బురదలో చక్రం దిగబడితే మీద కూర్చొని రేస్ ఇవ్వొద్దు. ఈ బండికి గేర్లు లేవు, క్లచ్ లైనర్లు రాసుకొని మాడిపోతాయి. దిగి నెట్టండి. కాలువ దాటినాక హబ్బులోకి నీళ్లు పోతాయి, బ్రేకు పట్టదు. నాలుగు బారలు మెల్లగా పోతూ బ్రేకు నొక్కి వదలండి.

ఈ బ్రేకు మాట దగ్గర నేను కొంచెం ఆగాలి. రెండు యాసంగుల కింద మా సంఘం సభ్యుడొకాయన కాలువ కట్ట మీద పోయాడు. కల్లంలో వడ్లు తూకం పెట్టారు. ట్రాలీ కిరాయి మిగులుతుందని ఆసామి ఈయన బండి మీదనే రెండేసి బస్తాలు రోడ్డు దాకా కొట్టించాడు. ఒక్కో బస్తా నలభై కిలోలు. ఎక్సెల్ మొయ్యగలదని కంపెనీ చెప్పే బరువు 130 కిలోలు, నడిపే మనిషితో కలిపి. రెండు బస్తాలు, అరవై కిలోల మనిషి అంటేనే నూట నలభై. ఐదో తిప్పలో కట్ట దిగుతుంటే తుప్పు పట్టిన వెనుక బ్రేకు కేబుల్ తెగింది. బండి, బస్తాలు, మనిషి అందరూ కిందికి పోయారు. దహనానికి ఆసామి ఐదు వేలు ఇచ్చాడు. కేబుల్ ఖరీదు ఎంతో మీకు తెలుసు.

ఆయన భార్య కాగితాలు పట్టుకొని నా దగ్గరికి వచ్చింది. బండి సెకండ్ హ్యాండ్ కొన్నారు. ఆర్సీ మొదటి యజమాని పేరు మీదనే ఉన్నది, ఈయన మూడో చెయ్యి. లైసెన్సు లేదు. ఇన్సూరెన్సు ఉన్నది కదా అన్నది ఆమె. ఆ థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు మన బండి తగిలిన అవతలి మనిషి కోసం. బండి నడిపే యజమాని కోసం ఉన్నది వేరే ప్రమాద బీమా. 2018లో దాన్ని 15 లక్షలకు పెంచారు. అది రావాలంటే బండి నడిపిన మనిషి పేరే ఆర్సీలో ఉండాలి, లైసెన్సు ఉండాలి. రెండూ లేవు. పదిహేను లక్షల మాట ఆమెకు చెప్పాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. చెప్పాను.

కాబట్టి పాత బండి కొంటే డబ్బులు ఇచ్చేనాడే 29, 30 నంబరు ఫారాల మీద అమ్మినవాడి సంతకం తీసుకోండి, నెల తిరగకముందే ఆర్సీ మార్పించుకోండి. కొత్త బండికి ఐదేండ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు ముందే కట్టించుకుంటారు, కాని యజమాని ప్రమాద బీమా చాలాసార్లు ఒక్క ఏడాదికే ఉంటుంది. కాగితం చదివించుకొని చూడండి. కిస్తీలు తీరగానే బండి మీది అయిపోదు. ఫైనాన్స్ నుంచి ఎన్ఓసీ, 35 నంబరు ఫారం తీసుకొని ఆర్సీలో వాళ్ల పేరు కొట్టేయించాలి. ఒకటి రెండు కిస్తీలు తప్పితే మనుషుల్ని పంపి నడిరోడ్డు మీద బండి గుంజుకొనే హక్కు ఎవనికీ లేదు. రౌడీలతో వసూళ్లు చేయించొద్దని సుప్రీంకోర్టు 2007లోనే ఒక బ్యాంకు కేసులో చెప్పింది. పదహారేండ్ల పిల్లల చేతికి ఈ బండి ఇవ్వకండి. ఆ వయసుకు లైసెన్సు ఇచ్చేది యాభై సీసీ లోపు బండికే, ఇది తొంభై తొమ్మిది దాటింది. ఇంకో మాట: చాలా ఇండ్లలో మహిళా సంఘం అప్పు ఆమె పేరు మీద, బండి ఆయన పేరు మీద. అప్పు కట్టే మనిషికి కూడా నడపడం నేర్పించి లైసెన్సు తీయించండి.

ఆస్ట్రేలియాలో రైతులు ఆ నాలుగు చక్రాల బండ్లు తిరగబడి చచ్చిపోతుంటే, మీద పడకుండా కాపాడే కమ్మీ లేనిదే కొత్త పనిబండి అమ్మొద్దని 2021 అక్టోబరు నుంచి నిబంధన తెచ్చారు. మన కాలువ కట్టల మీద పోతున్న ప్రాణాలను లెక్కపెట్టే నాథుడు లేడు. మనమే లెక్కపెట్టుకోవాలి. ఊరి కమిటీలు ముందుగా రెండు పనులు చేయవచ్చు. ఒక ఆదివారం బండ్లన్నీ ఒకచోట చేర్చి, తెలిసినవాళ్లు తెలియనివాళ్లకు ఆయిలు, చైను, బ్రేకు చూపించాలి, కాగితాలు కూడా అక్కడే చూడాలి. బస్తాలు మోయించాలంటే ట్రాలీ పెట్టాల్సిందేనని ఊళ్లో చాటింపు వేయించాలి.

యాసంగి నాట్లకు ముందు కూలి రేట్ల మాటలు మొదలవుతాయి. ఈసారి "బండి ఖర్చు" అని ఒక పద్దు విడిగా పెడదాం. ఒక నెల రోజులు పెట్రోలు, ఆయిలు, కిస్తీ, తిరిగిన కిలోమీటర్లు నోటుబుక్కులో రాసి పెట్టుకోండి. మీటింగుకు వచ్చేటప్పుడు ఆ బుక్కు మరిచిపోవద్దు.